పొగ రాని కారు

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులు. పెట్రోలు బంకు ఓబుళరెడ్డి పాత కారు ఊరి బయటి మిట్ట ఎక్కలేక తిరిగొచ్చి, మెకానిక్ హబీబుల్లా షెడ్డు ముందు ఆగింది.

"ఏం రెడ్డీ, మిట్ట జూసి బండికి బుగులయిందా?" అని షెడ్డు బెంచీ మీద నలుగురితో కూర్చున్న నేను ఎకసెక్కెమాడి, వెనక సీట్లో నొప్పులు పడుతున్న అతని కూతుర్ని చూసి నోరు మూసుకున్నాను.

"జమ్మలమడుగు ఆస్పత్రికి పోవాలప్పా! నిన్న ఏం రిపేరు చేసినావ్? బండి లాగడంల్యా!" అని అరిచాడు రెడ్డి.

"ఊర్లో అన్ని బండ్లకూ పెట్టినట్లే, ఇంజన్లో నిప్పురవ్వ పడే టైమింగు వెనక్కి పెట్టినా మామా. నీ బంకు పెట్రోలుకు అట్ల పెట్టకపోతే ఇంజను డంగుడంగున కొట్టుకుంటాది" అన్నాడు హబీబుల్లా.

ఊళ్లో ఉన్నది ఆ బంకొక్కటే. కిరసనాయిలు కలపనే కలపనని రెడ్డి దేవుడి మీద ఒట్టు పెట్టేవాడు. మా బండ్లేమో నల్లపొగ కక్కేవి.

హబీబుల్లా ట్యాంకు మూత తీసి వాసన చూశాడు. కనుబొమ్మలు ఎగరేశాడు.

"దీంట్లో ఏ పెట్రోలు పోసినావో నోటితో చెప్పు మామా. టైమింగు మారుస్తా."

రెడ్డి మా అందరి వంకా చూశాడు. కూతురు మూలిగింది.

"అసలుది. ఇంటికని వేరే డ్రమ్ములో పెట్టుకుంటా" అన్నాడు.

అసలు పెట్రోలుకు టైమింగు వెనకుంటే బండి లాగదంటూ హబీబుల్లా స్పానరుతో బిగింపు వదులు చేసి, టైమింగు వెంట్రుకవాసి ముందుకు జరిపాడు. ఇంజను హాయిగా పలికింది.

కారు మిట్ట ఎక్కిపోయింది. వెనక పొగ అన్నదే లేదు. మా ఊళ్లో పొగ రాని బండిని చూడటం అదే మొదటిసారి.

తుపుక్కున ఉమ్మేశాను.