సింగపూర్ దొంగ

"సింగపూర్ నుంచి ఎవడో మళ్లీ మీ ఈమెయిల్ తెరిచినాడంట," అంది నేత్రావతి, భర్త ఖాతా భద్రత కోసం ఇచ్చిన తన నంబరుకు వచ్చిన హెచ్చరిక చూస్తూ. "‘ఇది మేం కాదు’ అని నొక్కేసినాను."

పక్కనే కూర్చున్న భర్త మునిరత్నం తన పాత ఫోన్‌ను విదిలించాడు. "నా ఈమెయిల్ మళ్లీ మూసుకుపోయింది. పొద్దున్నుంచీ ఇదే గోల."

ఎలక్ట్రానిక్ సిటీలో పనిచేసే కూతురు పల్లవి ఇద్దరి ఫోన్లూ చూసి నవ్వింది. "అమ్మా, ఆ దొంగ నీ పక్కనే కూర్చోని ఉండాడు. నాన్న బ్రౌజర్ పేజీని నేరుగా తీసుకురాదు. సింగపూర్‌లో ఉండే సర్వర్ దాన్ని తెరిచి, చిన్నది చేసి పంపిస్తాది."

"అందుకే నాకు నెలాఖరుకు కూడా డేటా మిగులుతాది," అన్నాడు మునిరత్నం గర్వంగా. "అత్తిబెలెలో సిగ్నల్ సరిగా లేని చోట కూడా పేజీ టక్కున వస్తాది."

"అట్లయితే పాస్‌వర్డ్ కూడా ఆ సర్వర్ చేతికే పోతాదా?"

"పోతాదమ్మా," అంది పల్లవి.

నేత్రావతి భర్త వైపు తిరిగింది. "నేనెన్నిసార్లు అడిగినా, పాస్‌వర్డ్ ఎవరికీ చెప్పకూడదంటిరి. ముఖం తెలియని సర్వర్‌కు మాత్రం రోజూ చెప్తా ఉండారు."

మునిరత్నం ఫోన్‌ను కాసేపు అటూ ఇటూ తిప్పాడు. తర్వాత వంగి ఆమె చెవిలో పాస్‌వర్డ్ చెప్పాడు.

"ఇది నాకు ఎప్పుడో తెలుసు," అంది నేత్రావతి. "మీరుగా చెప్తారేమోనని చూస్తా ఉండాను."