అమ్మ కుర్చీలో మైకు

కొత్త హోమ్ థియేటర్ కొనే తాహతు లేక ఓ ఎలక్ట్రీషియన్ పాత స్పీకర్లు ఐదు పోగేశాడు. గది మోగకుండా గోడలకు బొంతలు కట్టాడు. వినికిడి తగ్గిన తల్లికి సినిమాలో మాటలు తేటగా వినిపించాలని మొదలుపెట్టిన పని అది. పూర్తయ్యేలోపే ఆమె పోయింది.

వీధి సద్దుమణిగాక, ఆమె కుర్చీలో చెవుల ఎత్తున మైకు నిలబెట్టాడు. ఏ స్పీకరు ఎంత మోగాలో యాంప్లిఫయర్ ఆ మైకుతోనే కొలుచుకుంటుంది. కొలిచేటప్పుడు చీమ చిటుక్కుమన్నా దానికి గిట్టదు.

"గదిలో చప్పుడు ఉంది" అని టీవీ తెర మీద పడింది.

ఫ్యాను ఆపాడు. గడియారం తీసి బయట పెట్టాడు. మళ్లీ అదే మాట. మైకును పక్కనున్న స్టూలు మీదికి మారిస్తే ఏ పేచీ లేదు. కుర్చీలోకి తేగానే మళ్లీ చప్పుడు.

"రేపు చూసుకోవచ్చు, పడుకోండి," గుమ్మంలోంచి భార్య అంది.

"అమ్మ కూర్చునే చోటు కొలవకుండా ఎలా?"

విసుగులో, పాత అలవాటు కొద్దీ, కుర్చీ వైపు తిరిగి గట్టిగా అనేశాడు: "అమ్మా, ఒక్క నిమిషం ఊపిరి బిగపట్టవే!"

అని నాలుక కరుచుకున్నాడు.

తెర మీది మాట చెరిగిపోయింది. ఐదు స్పీకర్లూ ఒకదాని తర్వాత ఒకటి గుయ్యిమన్నాయి. కొలత పూర్తయింది.

అప్పుడు ఖాళీ కుర్చీలోంచి, అంతసేపూ బిగపట్టిన ఊపిరి ఒక్కసారిగా వదిలిన చప్పుడు వినిపించింది.