మేనమామ సంతకం

"రాధా! నువ్వు గదిలోంచి బయటికి రాకు. అక్కయ్య నీకు బొట్టు పెట్టేసిందంటే ఇక నేను సంతకం పెట్టక తప్పదు."

గేటు చప్పుడు వినగానే గోపీనాథ్ పెట్టిన కేక అది. డల్లాస్ ఆఫీసులో పాతికమంది మీద అజమాయిషీ చేసే రాధాకుమారి, గుడివాడలో పుట్టింటికి సెలవులకొచ్చిన పాపానికి, మొగుడి మాట విని నోరు మూసుకుని గదిలోకి వెళ్లింది.

బందరు బస్సు దిగి ఎండలో నడిచొచ్చిన కనకమహాలక్ష్మి చేతిలో ఓ సంచీ, ఓ కుంకుమ భరిణె ఉన్నాయి. ఆ భరిణె చూడగానే తమ్ముడి గుండెల్లో రాయి పడింది.

అసలు సంగతి చిన్నదే, అమెరికా వాళ్లు పెద్దది చేశారు. కనకమహాలక్ష్మి కూతురు లాస్య, తల్లిదండ్రులు కొన్నాళ్లు అక్కడున్నప్పుడు పుట్టి బందరులో పెరిగిన పిల్ల, ఈమధ్యే అక్కడ ఉద్యోగంలో చేరింది. పెడనలో కలంకారీ అద్దకం నడుపుకునే కల్యాణ్‌ని ఇష్టపడి చేసుకుంది. మొగుణ్ణి తీసుకెళ్లాలంటే అతన్ని పోషించే స్తోమతు చూపించమన్నారు. కొత్త ఉద్యోగం, జీతం చాలలేదు. అలాంటప్పుడు అక్కడ బాగా సంపాదించేవాళ్లు ఎవరైనా పూచీ సంతకం పెట్టాలి. బాగా సంపాదించే మేనమామ నిక్షేపంలా ఉన్నాడు. కాకపోతే అలిగి ఉన్నాడు.

"ఏరా గోపీ, గుమ్మంలోనే నిలబెడతావా?"

"రా అక్కయ్యా, కూర్చో. సంతకం మాట మాత్రం ఎత్తకు."

"నేనెత్తానా?" అంటూ కనకమహాలక్ష్మి ఫ్యాను కిందకు కుర్చీ లాక్కుని కూర్చుంది. "రాధ ఏదీ?"

"తలనొప్పని పడుకుంది."

"మంచిది, లేచేదాకా ఉంటాను. సాయంత్రం దాకా బస్సులున్నాయి."

గోపీనాథ్ అటూ ఇటూ నడిచాడు. ఏడాదిగా దాచుకున్న కోపం, అక్క అంత నిమ్మళంగా కూర్చుంటే ఇంకా రెట్టింపైంది.

"ఒక్కగానొక్క మేనమామని! పెళ్లికూతుర్ని గంపలో కూర్చోబెట్టి మోసుకురావాల్సిన వాణ్ణి! నాకు వాట్సప్‌లో కార్డు పంపిస్తావా? అదీ ఎవరికో పంపింది నాకు ఫార్వర్డ్ చేశావు!"

"డల్లాస్ వచ్చి బొట్టు పెట్టమన్నావా ఏంట్రా?"

"ఇక్కడ మా అత్తగారు లేరూ? బందరు నుంచి గుడివాడ ఎంత దూరం? ఆవిడకి బొట్టు పెట్టి, మా అందర్నీ పిలిచానని ఒక్క మాట చెబితే నేను రెక్కలు కట్టుకుని వాలేవాణ్ణి కాదా?"

కనకమహాలక్ష్మి సంచీలోంచి తొక్కుడు లడ్డూల డబ్బా తీసి మూత తెరిచి అతని ముందు పెట్టింది. గోపీనాథ్ మొహం తిప్పుకున్నాడు. నెయ్యి వాసన మాత్రం తిప్పుకున్న వైపుకే వచ్చింది.

"అయినా అది మామూలు సంతకం కాదు," అన్నాడు లడ్డూ తుంచుకుంటూ. "కల్యాణ్‌కి అక్కడ పని దొరక్కపోతే, రేపు ప్రభుత్వం వాళ్లొచ్చి పట్టుకునేది నన్ను! ఏళ్ల తరబడి పూచీ! అందుకే చెబుతున్నా, మా ఇంట్లోంచి సంతకం రాదు."

"మా అల్లుడు ఊరికే కూర్చునే మనిషి కాదులేరా. పండగనాడు కూడా రంగు బల్ల దగ్గరే ఉంటాడు."

"నువ్వెన్ని చెప్పినా సరే."

"నేనేం చెప్పాను? తిను."

రెండో లడ్డూ సగంలో ఉండగా ఆమె గొంతు మారింది.

"పెళ్లిలో గంప తెచ్చిపెట్టి, మేనమామ ఎక్కడమ్మా అని అడిగారు పంతులుగారు. నా తల కొట్టేసినట్టైంది. ఎవరో వేలు విడిచిన మావయ్య వచ్చి పట్టుకున్నాడు. లాస్య గంపలో కూర్చుని ఏడుస్తూనే ఉంది. అందరూ పుట్టిల్లు వదలాల్సొస్తోందని ఏడుస్తోంది అనుకున్నారు. అది నీకోసంరా. పెళ్లి హడావిడిలో బుద్ధి గడ్డి తిని నిన్ను అలా పిలిచాను. తప్పు నాదే."

గోపీనాథ్ సగం లడ్డూ డబ్బాలో పెట్టేశాడు. చిన్నప్పుడు లాస్యను భుజాల మీదెక్కించుకుని మంగినపూడి సముద్రం చూపించింది తనే. కళ్లు తుడుచుకుని, ఆ సంగతి కనబడకుండా గట్టిగా అరిచాడు.

"రాధా! ఇలా రా. అక్కయ్య బొట్టు పెడుతుందట!"

తలనొప్పి ఆనవాలైనా లేకుండా రాధాకుమారి చటుక్కున వచ్చింది. కనకమహాలక్ష్మి భరిణె తెరిచి ఆమె నుదుట నిండుగా బొట్టు పెట్టింది. ఆడవాళ్లిద్దరూ మొహాలు చూసుకుని నవ్వుకున్నారు. వాళ్లిద్దరూ కలిసి నవ్వితే గోపీనాథ్‌కు ఎప్పుడూ అనుమానమే. ఇవాళ మాత్రం పట్టించుకోలేదు. ఏళ్ల తరబడి పూచీ అయితే అయింది, మేనకోడలి కంటే ఎక్కువా? ఛాతీ విరుచుకుని జేబులోంచి పెన్ను తీశాడు.

"ఏవీ కాగితాలు? ఎక్కడ పెట్టాలో చూపించు, అక్కయ్యా. ఎన్నిచోట్లైనా పెడతాను."

కనకమహాలక్ష్మి భరిణె మూత బిగించింది.

"కాగితాలేంట్రా? అల్లుడికి మొన్న ముంబైలో వీసా ఇచ్చేశారు. ఆదివారం ప్రయాణం. ఆ రోజు మా ఇంట్లో భోజనాలు. ఈసారైనా బొట్టు పెట్టి పిలుద్దామని వచ్చాను."

పెన్ను గోపీనాథ్ చేతిలోనే ఉండిపోయింది.

"మరి... పూచీ సంతకం ఎవరు పెట్టారు?"

రాధాకుమారి లడ్డూల డబ్బా తన వైపు లాక్కుంది.

"నేనేనండీ. నా జీతం ఒక్కటే సరిపోయింది. మీ అలక తీరేదాకా ఆగితే పిల్లలు ముసలాళ్లయిపోరూ!"