తీరిగ్గా వచ్చిన పాము

నాగాభరణుడైన నీలకంఠుని తలచి ఈ కథ చెబుతున్నాను.

విద్యార్థులతో కిక్కిరిసిన సర్రీ అనే విదేశీ నగరంలో, సెలవులకు వెళుతూ దీపక్ తన కొండచిలువను పక్కగది సుప్రజకు అప్పగించాడు.

"బతికున్నదేది కనబడినా బుసకొట్టి మీద దూకుతుంది, నీ చెయ్యైనా సరే! చచ్చిన ఎలుకైతే తొందరేముంది అక్కా? తీరిగ్గా వచ్చి, మింగడానికి తల ఎటుందో నాలుకతో వెతుక్కుంటుంది," అని నవ్వాడు.

ఉద్యోగం దొరకక, అమ్మతో మాట్లాడే ధైర్యం చాలక, సుప్రజ తిండి మానేసి గదిలోనే పడి ఉండేది. ఒక రాత్రి బలవంతాన లేచి, గాజుపెట్టె తెరచి, చచ్చిన ఎలుకను అందించింది. పాము దానిని విడిచి ఆమె చేతిమీదికి పాకింది. బుసకొట్టలేదు. తీరిగ్గా భుజమెక్కి, నాలుకతో ఆమె తలకోసం వెతకసాగింది.

"అమ్మా!" అని అరవబోయింది. అంతలో దీపక్ మాటలు గుర్తొచ్చాయి. గాజుకు నోరానించి గట్టిగా ఊదింది.

గాజు మసకబారలేదు.

విన్నవారినందరినీ ఆ మృత్యుంజయుడు చల్లగా కాచుగాక.