నెరిసిన జుట్టు, మెరిసిన జుట్టు

నా మొదటి పుస్తకంలో మొదటి వాక్యమే తప్పు పడింది. “నెరిసిన జుట్టుతో ఆవిడ కిటికీ దగ్గర కూర్చుంది” అని నేను రాస్తే, “మెరిసిన జుట్టుతో” అని అచ్చయింది.

పుట్టి బుద్ధెరిగాక ఎవరితోనూ గొడవపడని నేను ప్రెస్సుకి వెళ్లి గొడవపడ్డాను. ప్రెస్సాయన ప్రూఫు తీసి నా ముందు పెట్టాడు. “నె” కొట్టేసి, పైన ఎర్ర సిరాతో “మె” అని దిద్ది ఉంది. ఆ గుండ్రటి చేతిరాత మా అమ్మమ్మది. నాకు జ్వరంగా ఉందని ప్రూఫులు ప్రెస్సులో ఇచ్చి వచ్చింది ఆవిడే.

“ఇంకా బైండింగుకి పంపలేదు. మళ్లీ వెయ్యాలంటే మధ్యాహ్నంలోగా చెప్పండమ్మా,” అన్నాడాయన.

ఇంటికి వచ్చి నిలదీశాను. “అమ్మమ్మా, నా కథెందుకు పాడుచేశావు?”

“పాడుచేశానా? నువ్వు తప్పు రాస్తే దిద్దాను. వారం వారం రంగేసుకునే జుట్టు నెరుస్తుందటే?”

“అది నువ్వు కాదు. కథలో ముసలావిడ.”

“మనింట్లో నేను కాక ఇంకో ముసలావిడ ఉందా?”

“పోనీ, పదో పేజీలో ముసలి అన్న మాటెలా వదిలేశావు?”

“వదల్లేదే. చూసుకో.”

చూశాను. “ఆ మొసలి నన్ను చూసి నవ్వింది.”

“ముసలి అంటే బస్సులో లేచి సీటిస్తారు. మొసలి అంటే బస్సే ఖాళీ చేస్తారు,” అంది.

ప్రెస్సుకి ఫోన్ చేసి, ముసలి అన్న మాట ఇంకో రెండు చోట్ల మిగిలిపోయింది, మొసలి అని దిద్దమని చెప్పాను.