జెట్టీ కదలదు

“ఐదింటికల్లా ఈ జెట్టీ ఇక్కడ కనబడకూడదు. రేపు పెద్దసారు హోటలు ప్రారంభానికి వస్తున్నారు,” అన్నాడు ఆఫీసరు, రుమాలుతో మెడ తుడుచుకుంటూ.

ఫొటోలక్క కెమెరా దించలేదు. “కనబడితే?”

“కిందటేడే ఆర్డరేశాం కదమ్మా, ఇక్కడ జెట్టీ ఉండటానికి వీల్లేదని! వినకపోతే నలుగుర్ని తెచ్చి పీకించేస్తా.”

“నలుగురెందుకు పాపం, మీరొక్కరు చాలరూ?”

ఆఫీసరు మొహం మాడ్చుకున్నాడు. ఫొటోలక్క నోటికి ఆ తీరంలో జడవనివాళ్ళు లేరు. అక్కడి జెట్టీది నూరేళ్ళు దాటిన చరిత్ర. ఓడలెక్కేవాళ్ళకీ, దిగేవాళ్ళకీ, కొత్త జంటలకీ నలభయ్యేళ్ళు అక్కడే ఫొటోలు తీసి వాళ్ళ నాన్న పిల్లల్ని పెంచాడు. ఆ చోటు వదిలి పొమ్మంటే ఒళ్ళు మండదూ మరి?

ఆవేళ వచ్చిన ముసలి దంపతులు కూడా ఆయన తీసిన ఫొటో పట్టుకునే వచ్చారు. పెళ్ళయిన కొత్తలో దిగింది. మళ్ళీ అలాగే దిగాలట. పెద్దావిడకి ఎల్లుండి గుండె ఆపరేషను.

జెట్టీని చూడగానే ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. “అచ్చం అలాగే ఉందే అమ్మాయ్! మూడో స్తంభం వంకరతో సహా!”

“ఎక్కడికి పోతుంది పిన్నిగారూ? బాబాయిగారూ, ఆ స్తంభానికి ఆనుకోకండి, ఆగదు. ఇంకొక్క అడుగు వెనక్కేశారో, అంతే సంగతులు!”

ముసలాయన ఉలిక్కిపడి భార్య చెయ్యి పట్టుకున్నాడు. అదే అదను చూసి ఫొటోలక్క నొక్కేసింది.

“అప్పుడూ ఇలాగే హడలిపోయారు!” పెద్దావిడ పకపకా నవ్వింది.

ఆఫీసరుకి చిర్రెత్తింది. వాచీ చూపించాడు. “ఐదు! గుర్తుంచుకో.”

“రండి, నలుగురు కాదు, నలభై మందిని తెచ్చుకోండి. కానీ ఒక్కమాట. రోజూ పొద్దున ఎనిమిదింటికల్లా జెట్టీ ఇక్కడే ఉంటుంది. రేపూ ఉంటుంది, ఎల్లుండీ ఉంటుంది. మీ పెద్దసారుకి ఫొటో కావాలంటే వరసలో నిలబడమనండి!”

సరిగ్గా ఐదింటికి ఆఫీసరు నలుగుర్ని వెంటేసుకుని ఊడిపడ్డాడు. అక్కడ ఉత్త ఇసుకే ఉంది.

కిందటేడు వాళ్ళు అసలు జెట్టీని కూలగొట్టేశాక, పెద్ద పరదా గుడ్డ మీద తన చేత్తో రంగులేసి నిలబెట్టుకున్న ఆ జెట్టీని చాపలా చుట్టి, చంకన పెట్టుకుని, ఫొటోలక్క అప్పటికే ఇంటిదారి పట్టింది.