ఒసాకా సాక్ష్యం

"తలుపులు మూసుకున్నాయి. నేను ప్లాట్‌ఫాం మీద, పాప రైల్లో," అని కరుణమ్మ ఆగి, కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

సన్నీవేల్‌లో ఒక అమెరికన్ చర్చి వెనక గది అది. ఆదివారం మధ్యాహ్నాలు తెలుగువాళ్ళ ఆరాధనకి అద్దెకిస్తారు. కరుణమ్మ చెప్పే ఒసాకా సాక్ష్యాన్ని అక్కడున్న వాళ్ళంతా ఏటా వింటూనే ఉన్నారు. అయినా ఈ చోటికి వచ్చేసరికి ఎవరూ కదలరు. ఆమె కూతురు నవోమి, పద్నాలుగేళ్ళ పిల్ల, వెనక వరసలో తల వంచుకుని కూర్చుంది.

జరిగింది పదేళ్ళ కిందట, డెబ్భై ఎనిమిదిలో. నవోమి తండ్రి ప్రేమానందాన్ని కంపెనీ జపాన్‌లోని ఒసాకా పంపింది. ఆయన పొద్దున్నే వెళ్తే పిల్ల నిద్రపోయాకే వచ్చేవాడు. కరుణమ్మకి భాష రాదు, పలకరించే మనిషి లేదు. కిటికీ తీస్తే పక్కింటి గోడ. ఆ చలికాలమంతా ఒకే గదిలో పిల్లతో గడిపింది. ఒకరోజు కూరగాయలకని పిల్లని తీసుకుని సబ్‌వే రైలు స్టేషన్‌కి వెళ్ళింది. అక్కడి జనంలో చెయ్యి జారిపోయిందట. పిల్ల రైలెక్కేసిందట.

రైలు కదిలాక కరుణమ్మ తెలుగులోనే ఏడుస్తూ, తొడ దగ్గర చెయ్యి పెట్టి 'ఇంత పిల్ల' అని స్టేషన్ ఉద్యోగికి చూపించింది. అతను వెంటనే తర్వాతి స్టేషన్‌కి ఫోన్ చేశాడు. వెనక రైల్లో ఈమె అక్కడికి చేరేసరికి, తెల్ల గ్లవ్స్ వేసుకున్న ఉద్యోగి ఒకాయన పిల్లని ఎత్తుకుని నిలబడ్డాడు. పిల్ల ఏడవడం లేదు. చాక్లెట్ చప్పరిస్తోంది.

"ఆ రోజు ప్రభువు నా బిడ్డని నాకు రెండోసారి ఇచ్చాడు," అని ముగించింది కరుణమ్మ. అందరూ ఆమెన్ అన్నారు.

భోజనాల దగ్గర రూతు ఆంటీ పలావు వడ్డిస్తూ, నీకేమైనా గుర్తుందా అని నవోమిని అడిగింది. ఏటా ఎవరో ఒకరు అడిగేదే. నవోమి లేదని నవ్వేసింది.

ఒసాకా తర్వాత కరుణమ్మ కూతుర్ని రైలెక్కనివ్వలేదు. ఎక్కడికైనా తనే డ్రైవ్ చేసి తీసుకెళ్ళేది. ఇప్పుడు స్కూల్ ఆర్కెస్ట్రా పిల్లలంతా కచేరీకి రైల్లో శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్తున్నారు. నవోమికి వయొలిన్ సోలో ఇచ్చారు. తల్లేమో కార్లో దింపుతానంటుంది, టీచరేమో అందరూ కలిసే రావాలంటుంది. రేపు ఏ సంగతీ చెప్పకపోతే సోలో ఇంకో పిల్లకి ఇచ్చేస్తారు. ప్రేమానందం, మీ అమ్మ భయం నీకు తెలుసు కదా అని తప్పుకున్నాడు.

ఆయన లోపల కుర్చీలు సర్దుతుంటే తల్లీకూతుళ్ళు కార్లో కూర్చున్నారు. కరుణమ్మ స్టార్ట్ చేయలేదు.

"నవోమీ, నిజంగా నీకేమీ గుర్తులేదా?"

ఇన్నేళ్ళలో అమ్మ ఈ మాట అడగడం ఇదే మొదటిసారి.

"చాక్లెట్ గుర్తుంది మమ్మీ. నువ్వు రన్ చేస్తూ రావడం గుర్తుంది. అంతే."

"అంతకు ముందు?"

"నథింగ్. ఐ వాజ్ ఫోర్, మమ్మీ."

కరుణమ్మ ఎదురుగా ఉన్న గోడని చూసింది. తర్వాత మెల్లగా ఊపిరి వదిలింది.

"సరే, రైల్లోనే వెళ్ళు. మీ టీచర్‌కి నేను ఫోన్ చేస్తాను."

నవోమి థాంక్స్ చెప్పి, అమ్మ భుజం మీద తల ఆనించింది. కరుణమ్మ కూతురి జుట్టు నిమురుతూ అలాగే కూర్చుంది.

ఆ రోజు ఒసాకాలో అమ్మ తనను రైలు సీట్లో కూర్చోబెట్టి, ముద్దుపెట్టి, దిగిపోవడం నవోమికి బాగా గుర్తుంది.